కరోకేలో పవర్‌ఫుల్ జపనీస్ పాట పాడాలా? ముందు శ్రుతి చూసుకోండి, తర్వాతే స్పీకర్

మామూలుగా నేను ఇక్కడ ఇయర్‌బడ్స్, స్పీకర్ల గురించి రాస్తుంటా. ఈసారి వాటితో పాడే పాటల గురించి. అది కూడా జపనీస్ పాటలు. యానిమే చూసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఓపెనింగ్ సాంగ్ వస్తే స్కిప్ కొట్టని బ్యాచ్ మనది. తెలుగు డబ్బింగ్‌లు వచ్చినా ఓపెనింగ్ మాత్రం జపనీస్‌లోనే వినిపిస్తుంది. వినీ వినీ ఏదో ఒక రోజు మైక్ పట్టుకుని మనమే పాడేయాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. కాకపోతే నేను పాడలేదు, మా చెల్లితో పాడించా. తన గొంతు పోయింది.

పోయిన ఫిబ్రవరిలో మా పెద్దమ్మ కొడుకు పెళ్లి. ఊరు భద్రాచలం నుంచి చర్ల వెళ్లే రోడ్డులో, దుమ్ముగూడెం దాటాక లోపలికి. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి. ఇంట్లో ఫోన్‌కి ఒక్క గీత సిగ్నల్ వస్తే గొప్ప, వీడియో కాల్ చేయాలంటే చెరువు కట్ట ఎక్కాల్సిందే. పెళ్లికి ముందు రోజు రాత్రి సంగీత్ పెట్టారు. మా వైపు ఇది కొత్త అలవాటు, రెండు మూడేళ్ల నుంచే. ఖమ్మంలో బీటెక్ ఫస్టియర్ చదివే మా చెల్లి "అన్నయ్యా, అందరూ పాడే పాటలు కాకుండా ఏదైనా పవర్‌ఫుల్‌ది చెప్పు" అంది. నేను ఆలోచించకుండా 'గురెంగె' అన్నా. డీమన్ స్లేయర్ మొదటి సీజన్ ఓపెనింగ్, 2019లో లిసా పాడింది. తను హాస్టల్‌లో పది రోజులు ఒరిజినల్ కీలోనే ప్రాక్టీస్ చేసింది. సంగీత్ రోజు రెండో పల్లవి దగ్గర గొంతు చీలింది. ఎలాగోలా అరిచి ముగించింది. జనం చప్పట్లు కొట్టారు కూడా. పొద్దున లేచేసరికి మాట లేదు.

భద్రాచలంలో డాక్టర్ చూసి స్వర తంతువులు వాచాయన్నారు. ఐదు రోజులు మాట్లాడొద్దు, గుసగుసగా కూడా మాట్లాడొద్దు, దానివల్ల ఇంకా ఒత్తిడి పడుతుంది అన్నారు. అన్న పెళ్లిలో చెల్లి ఒక్క మాట మాట్లాడకుండా ఫోన్‌లో టైప్ చేసి చూపిస్తూ తిరిగింది. పైగా మూడు వారాల్లో కాలేజీ యాన్యువల్ డే, అక్కడ ఇదే పాటకి పేరు ఇచ్చేసి ఉంది.

ఆ రోజు సాయంత్రం మా తాతయ్య నన్ను పిలిచాడు. ఆయన నలభై ఏళ్లుగా రామాలయంలో భజనకి హార్మోనియం వాయిస్తున్నాడు. "పాట బాగానే ఉంది గానీ, ఆ పిల్ల శ్రుతి ఎంతో చూశావంట్రా?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. పాటకి బీపీఎం ఎంతో తెలుసు, స్పీకర్ ఎన్ని వాట్లో తెలుసు, పాడే మనిషి గొంతు ఎంతవరకు వెళ్తుందో మాత్రం చూడలేదు.

కరోకే పుట్టిందే కీ మార్చడంతో

కరోకే అంటే 'కర' అంటే ఖాళీ, 'ఓకె' అంటే ఆర్కెస్ట్రాకి పొట్టి రూపం. ఖాళీ ఆర్కెస్ట్రా అన్నమాట, పాడేవాడి చోటు ఖాళీ. మొదటి మెషీన్ ఎవరిదనే దాని మీద ఒకటికి మించి పేర్లున్నాయి. 1967లోనే షిగెఇచి నెగిషి ఇలాంటి బాక్స్ ఒకటి చేశాడు. కానీ ఎక్కువమంది చెప్పే కథ కోబె నగరానికి చెందిన దైసుకె ఇనొఉఎది. ఆయన బార్లలో కస్టమర్లు పాడుతుంటే వెనక వాయించే మ్యుజీషియన్. ఒక కంపెనీ యజమాని తన స్టాఫ్‌తో టూర్‌కి వెళ్తూ 'నువ్వూ రా, నాకు నీ వాయిద్యమే కుదురుతుంది' అన్నాడు. వెళ్లడం కుదరక ఇనొఉఎ ఆ పెద్దమనిషి గొంతుకి సరిపడే కీలో, ఆయన లాగించే స్పీడ్‌లో వాయించి టేప్ చేసి ఇచ్చాడు. అదే ఆలోచనతో 1971లో మెషీన్లు చేసి అద్దెకిచ్చాడు. పేటెంట్ తీసుకోలేదు. 2004లో ఆయనకి ఇగ్ నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, ఒకరినొకరు ఓర్చుకోవడం జనానికి నేర్పినందుకట.

ఇక్కడ నాకు పట్టుకున్న పాయింట్ ఒక్కటే. కరోకే మొదటి టేప్ మనిషి గొంతుకి తగ్గట్టు తయారైంది. మనం మాత్రం యూట్యూబ్‌లో మొదట కనిపించిన ట్రాక్ పెట్టి గొంతుని దానికి తగ్గట్టు వంచుతాం.

జపాన్ కరోకే రూముల్లో కీ మార్చే బటన్ రిమోట్ మీదే ఉంటుంది. అక్కడ 1992 నుంచి పాటలు టెలిఫోన్ లైన్ల మీద మిడి డేటాగా రావడం మొదలైంది. మిడి అంటే రికార్డ్ చేసిన ఆడియో కాదు, 'ఈ టైమ్‌లో ఈ నోట్ వాయించు' అనే ఇన్‌స్ట్రక్షన్లు. కాబట్టి కీ దించితే మెషీన్ వేరే నోట్లు వాయిస్తుంది, క్వాలిటీ పోదు. మన దగ్గర ఉండేది ఎంపీత్రీ లేదా వీడియో. దాన్ని యాప్‌లో పిచ్ షిఫ్ట్ చేస్తాం. రెండు మూడు సెమిటోన్ల వరకు బాగుంటుంది. నాలుగైదు దాటితే గిటార్ నీళ్లలోంచి వినిపించినట్టు, స్నేర్ డ్రమ్ తడిసిన డప్పులా ఉంటుంది.

మీ గొంతు కొలవడం ఐదు నిమిషాల పని

ఏదైనా ఫ్రీ ట్యూనర్ యాప్ వేసుకోండి. పొద్దున లేవగానే వద్దు, గొంతు కాస్త తేలికపడ్డాక. 'ఆ' అంటూ కిందకి దిగుతూ పోండి. గరగరలాడకుండా పలికే చివరి నోట్ రాసుకోండి. తర్వాత పైకి ఎక్కండి. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. ఒక్కసారి అరిచి అందుకున్న నోట్ లెక్కలోకి రాదు. మెడ నరాలు తేలకుండా, నాలుగు సెకన్లు నిలబెట్టి, వరసగా ఐదుసార్లు పలికిన నోట్ మీ పైగీత. నా విషయంలో కింద ఎ2, అంటే 110 హెర్ట్జ్. పైన ఇ4, అంటే దాదాపు 330. చెల్లికి కింద జి3, పైన ఎ4, అంటే 440. అంతకంటే పైన కూడా తనకి పలుకుతుంది, కానీ రెండుసార్లే. మూడోసారి అరుపు.

తాతయ్య లెక్క వేరే భాషలో ఉంటుంది. ఒకటో శ్రుతి అంటే సి, ఒకటిన్నర అంటే దాని పక్క నల్లమెట్టు, ఐదు అంటే జి. 'రెండు మెట్లు దించు' అని ఆయనంటే, నల్లమెట్లు కూడా కలిపి లెక్కేస్తే, యాప్‌లో అది మైనస్ 2. ఒక్కో మెట్టుకి ఫ్రీక్వెన్సీ సుమారు 1.06 రెట్లు మారుతుంది. నాలుగు మెట్లు దిగితే 440 కాస్తా 349 అవుతుంది. ఆయన హార్మోనియం, నా ఫోన్ పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరం ఒకటే మాట్లాడుతున్నాం.

ఇప్పుడు పాటని కూడా అలాగే చూడాలి. జపనీస్ పాప్ పాటలో భాగాలకి పేర్లున్నాయి. మొదట వచ్చేది ఎ-మెలొ, తర్వాత బి-మెలొ, ఆ తర్వాత మనం ఎదురుచూసే హై భాగం 'సబి'. పవర్ అంతా సబిలోనే ఉందనిపిస్తుంది, నిజానికి బి-మెలొ నుంచి సబికి దూకే ఆ ఎత్తులో ఉంటుంది. ఎ-మెలొ మీ మాట్లాడే గొంతులో కూర్చుని, సబిలో ఎక్కువసేపు నిలిచే నోట్ మీ పైగీతకి ఒకటి రెండు మెట్లు కింద పడితే ఆ పాట మీ నోట పవర్‌ఫుల్‌గా వినిపిస్తుంది. సబి మొత్తం పైగీత మీదే నడిస్తే అది అరుపవుతుంది. 'గురెంగె' ఒరిజినల్ కీలో చెల్లికి జరిగింది అదే. సబి పదే పదే గీత దాటుతోంది, మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఖాళీ లేదు. ఒక్క హై నోట్ వల్ల గొంతు పోలేదు, పది రోజులు రోజుకి ఇరవై సార్లు ఆ గీత దాటడం వల్ల పోయింది.

మగవాళ్లు ఆడ గొంతు పాట పాడేటప్పుడు ఇంకో సమస్య. ఒరిజినల్ ఎత్తులో అందదు, ఒక ఆక్టేవ్ దించి పాడితే ఎ-మెలొ నేలలో కూరుకుపోతుంది, సబి కబుర్లు చెప్పినట్టుంటుంది. దీనికి మందు తిరగేసి ఉంటుంది. ట్రాక్ కీని మూడు నాలుగు మెట్లు పైకి పెంచి, మీరు ఆక్టేవ్ కింద పాడండి. అంటే మీ వరకు ఒరిజినల్ కంటే ఎనిమిది తొమ్మిది మెట్లే దిగినట్టు. మొదటిసారి నమ్మబుద్ధి కాదు, ట్రై చేసి చూడండి.

మరి ఏ పాట?

ముందు నేను వద్దనే పాటలు చెప్తా. యొఅసొబి పాడిన 'ఐడల్' మొదటిసారి స్టేజీకి వద్దు. 2023లో ఒషి నొ కొ ఓపెనింగ్‌గా వచ్చింది, అమెరికాని పక్కన పెట్టి లెక్కేసే బిల్‌బోర్డ్ గ్లోబల్ చార్ట్‌లో నంబర్ వన్ అయిన మొదటి జపనీస్ పాట ఇదే. స్పీడ్ 166 బీపీఎం, మధ్యలో ర్యాప్. లిరిక్ ఒక్క అక్షరం తప్పితే తర్వాతి నాలుగు లైన్లు చేజారతాయి. అదొ పాడిన 'ఉస్సేవా' కూడా అంతే. 2020 అక్టోబర్‌లో అది రిలీజైనప్పుడు ఆమెకి పద్దెనిమిది నిండలేదు. విన్నవాళ్లంతా అరుపులే కదా అనుకుంటారు. గరగర గొంతు నుంచి సన్నటి ఫాల్సెట్టోకి ఒక్క అక్షరంలో మారడం చాలా ట్రైనింగ్ ఉన్న పని, అనుకరించబోతే నేరుగా డాక్టర్ దగ్గరికే.

'ప్రిటెండర్' ఇంకో రకం ఉచ్చు. అఫిషియల్ హిగె దందిజం బ్యాండ్ 2019 పాట. వినడానికి హాయిగా, నెమ్మదిగా ఉంటుంది. మగ గొంతే కదా అని మొదలుపెడతాం. సబికి వచ్చేసరికి తెలుస్తుంది ఆ సింగర్ ఎంత ఎత్తులో ఉన్నాడో. మా బావ దీన్ని ఒరిజినల్ కీలో ట్రై చేశాడు. వీడియో నా దగ్గరుంది, పెట్టొద్దని ఒట్టేయించుకున్నాడు.

అమ్మాయిలకి నా మొదటి సలహా 'జంకొకు న తెన్షి నొ తేజె'. 1995 ఇవాంజెలియన్ ఓపెనింగ్, యోకొ తకహషి పాడింది. ముప్పై ఏళ్లయినా జపాన్ కరోకేల్లో పాడుతూనే ఉన్నారు. కారణం ఉంది. మొదటి లైన్ నెమ్మదిగా, వాయిద్యం పెద్దగా లేకుండా మొదలవుతుంది కాబట్టి గొంతు సర్దుకోవడానికి టైమ్ దొరుకుతుంది. తర్వాత 128 బీపీఎంలో ఒకే నడక. సబి ఎక్కుతుంది కానీ అక్కడే వేలాడదు. దీనికి పూర్తి వ్యతిరేకం 'బ్లూ బర్డ్', 2008 నరుటో షిప్పూడెన్ ఓపెనింగ్. అది సబితోనే మొదలవుతుంది. చల్లటి గొంతుతో నేరుగా ఎత్తులోకి దూకాలి. పాట బంగారం, కానీ రాత్రి రెండో మూడో పాటగా పెట్టుకోండి.

అబ్బాయిలకి 'చా-లా హెడ్-చా-లా'. డ్రాగన్ బాల్ జీ, 1989, హిరొనొబు కగెయమ. రాగం సూటిగా ఉంటుంది, పాడేవాడు ఎంజాయ్ చేస్తున్నాడని జనానికి తెలుస్తుంది. గుంపుగా అయితే 'షింజో ఒ ససగెయొ', లింక్డ్ హొరైజన్, 2017, అటాక్ ఆన్ టైటన్ రెండో సీజన్. పేరుకి అర్థం గుండెని అర్పించు అని. సబి కోరస్ కోసమే రాసినట్టుంటుంది, ఒక్కడే పాడితే వెలితిగా ఉంటుంది. సంగీత్‌లో చెల్లి గొంతు చీలాక వాతావరణం తేలిక చేయడానికి మేం ఐదుగురం దీన్ని ఎత్తుకున్నాం. మాకు వచ్చింది టైటిల్ లైన్ ఒక్కటే. మిగతాదంతా స్క్రీన్ చూసి గొణిగాం. అయినా ఆ రాత్రి హిట్ అయింది అదే. మా మామయ్యలు కూడా గుండె మీద చెయ్యేసుకుని నిలబడ్డారు.

పవర్ అంటే సౌండే అనుకునేవాళ్లకి ఒక పాత పాట చెప్తా. 'ఉఎ ఒ ముఇతె అరుకో', 1961, క్యూ సకమొతొ. 1963లో 'సుకియకి' అని సంబంధం లేని పేరుతో అమెరికాలో రిలీజై బిల్‌బోర్డ్ నంబర్ వన్ అయింది. కన్నీళ్లు జారకుండా పైకి చూస్తూ నడవడం గురించిన పాట. దీన్ని తాతయ్యకి వినిపిస్తే మొదటి చరణం కాకముందే హార్మోనియం మీద పట్టేశాడు. "ఇది మన మోహన కదరా" అన్నాడు. ఆశ్చర్యం ఏం లేదు. జపనీస్‌లో 'యొననుకి' అని ఒక స్కేల్ ఉంది, నాలుగో స్వరం, ఏడో స్వరం తీసేసింది. సప్తస్వరాల్లో మ, ని తీసేస్తే మిగిలేది స రి గ ప ద, అచ్చంగా మోహన. ఈ పాట మెలొడీ చాలావరకు ఆ ఐదింటి మీదే నడుస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే మొదటి పాటగా దీన్ని పెట్టండి, తర్వాత మీరేం అరిచినా ఏమనరు.

ఏది ఎంచుకున్నా టీవీ సైజ్ పాడండి. యానిమే ఓపెనింగ్‌లో వచ్చేది దాదాపు 90 సెకన్ల కట్, పూర్తి పాట నాలుగు నిమిషాలు. జనానికి తెలిసింది ఆ తొంభై సెకన్లే. రెండో చరణం దగ్గర పాడేవాడికి ఊపిరి, వినేవాడికి ఓపిక ఒకేసారి అయిపోతాయి.

రోమన్ అక్షరాలు వదిలేయండి, తెలుగులో రాసుకోండి

ఇది నాకు ఆలస్యంగా తెలిసిన విషయం, ఈ ఆర్టికల్ మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం కూడా ఇదే. చెల్లి లిరిక్స్ ఇంగ్లిష్ అక్షరాల్లో ప్రింట్ తీసుకుని బట్టీ పట్టింది. అందులో హ్రస్వం, దీర్ఘం సరిగ్గా తెలియవు. జపనీస్‌లో అదే ప్రాణం. 'ఒబసన్' అంటే పిన్నో అత్తో, 'ఒబాసన్' అంటే అమ్మమ్మ. 'కొకొ' అంటే ఇక్కడ, 'కోకో' అంటే హైస్కూల్. 'కితె' అంటే వచ్చి, 'కిత్తె' అంటే పోస్టల్ స్టాంప్. ఇవన్నీ తెలుగులో ఎంత తేలిగ్గా తేడా కనిపిస్తున్నాయో చూడండి. హిందీ లిపిలో పొట్టి ఎ, ఒ మామూలుగా రాయలేం. మనకి ఎ-ఏ, ఒ-ఓ రెండూ ఉన్నాయి. జపనీస్‌కి కూడా అయిదే అచ్చులు, అ ఇ ఉ ఎ ఒ, వాటి దీర్ఘాలు. అంతే.

ఇంకా ఉంది. పదో తరగతిలో గురు లఘువులు గుర్తున్నాయా? లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. దీర్ఘం గురువు, సున్నా ఉంటే గురువు, ద్విత్వానికి ముందు అక్షరం గురువు. జపనీస్ పాటలో తాళం లెక్క దాదాపు ఇదే. 'సెంపై' అంటే మనం రెండు అక్షరాలు చూస్తాం, వాళ్లు నాలుగు మాత్రలు లెక్కపెడతారు. సెం రెండు, పై రెండు. 'గక్కో' నాలుగు. మన నోట్లో 'టోక్యో' అయిన ఊరి పేరు వాళ్లకి 'తోక్యో', అదీ నాలుగు. పాటలో ఒక్కో మాత్రకి ఒక్కో నోట్ పడే చోట్లు చాలా ఉంటాయి, సున్నాకి కూడా విడిగా నోట్ ఉంటుంది. మనవాళ్లు లైన్ చివర వెనకబడేది ఎక్కువగా ఇక్కడే, సున్నాని మింగేస్తారు. చెల్లి లిరిక్స్‌ని నేను తెలుగులో రాసి కింద గురు లఘువులు గుర్తు పెట్టా. రెండు రోజుల్లో తాళం కుదిరింది.

'త్సు' అనే శబ్దం చాలామందిని భయపెడుతుంది. అక్కర్లేదు. చుక్క, చాప, చాలు అనే మాటలు మన ఊళ్లో అమ్మమ్మలు ఎలా పలుకుతారో గుర్తు తెచ్చుకోండి. నాలుక పళ్లకి తగిలే ఆ చ, మన పాత తెలుగు పుస్తకాల్లో దంత్య చ అని చెప్పేది, దాదాపు అదే. 'జు' కూడా జుట్టులో జు లాగే. ర ని ఒక్కసారి మాత్రమే తాకించాలి, ఇంగ్లిష్‌లా చుట్టకూడదు. 'ఫు' కి కింద పెదవి పళ్లకి తగలదు, దీపం ఊదినట్టు రెండు పెదవులతో. మాట్లాడేటప్పుడు 'దెసు' చివర ఉ వినిపించదు గానీ, పాటలో దానికి నోట్ ఉంటే వినిపిస్తుంది. ఒరిజినల్ విని ఒక్కో చోట తేల్చుకోవాలి.

ఇప్పుడు గ్యాడ్జెట్లు

ట్రాక్ కోసం ముందు 'ఆఫ్ వోకల్' అని వెతకండి. జపాన్‌లో చాలా సింగిల్స్‌తో పాటు గొంతు తీసేసిన అధికారిక వెర్షన్ కూడా ఇస్తారు, కరోకేకి అంతకంటే శుభ్రమైనది దొరకదు. ఐఫోన్‌లో యాపిల్ మ్యూజిక్ సబ్‌స్క్రిప్షన్ ఉంటే 2022 డిసెంబర్ నుంచి సింగ్ ఫీచర్‌తో చాలా పాటల్లో గొంతు తగ్గించుకోవచ్చు. ఏదీ లేకపోతే ల్యాప్‌టాప్‌లో డెమక్స్ లాంటి ఓపెన్ సోర్స్ టూల్‌తో గొంతుని, వాయిద్యాన్ని విడదీయవచ్చు. 2019లో డీజర్ కంపెనీ స్ప్లీటర్ విడుదల చేసినప్పటి నుంచి ఈ పని ఇంట్లో చేసుకునేంత తేలికైంది. కోరస్ గొంతులు కొంచెం మిగులుతాయి, అది మనకే సపోర్ట్. ఇదంతా ఖమ్మంలోనో హైదరాబాద్‌లోనో ఉండగానే చేసి ఫోన్‌లో పెట్టుకోండి. మా ఊళ్లో స్ట్రీమింగ్‌ని నమ్ముకుంటే సబి రాకముందే చక్రం తిరుగుతుంది.

ఇక బ్లూటూత్. దీని మీద గందరగోళం ఎక్కువ కాబట్టి కాస్త విడమరచి చెప్తా. మామూలు బ్లూటూత్ ఆడియో 100 నుంచి 250 మిల్లీసెకన్ల వరకు ఆలస్యంగా వస్తుంది. ఫోన్ నుంచి ట్రాక్ మాత్రమే బ్లూటూత్‌లో వెళ్లి, మైక్ నేరుగా స్పీకర్‌కి గుచ్చి ఉంటే సమస్య లేదు. సంగీతం ఆలస్యమైనా మీరు విన్నదానికే పాడతారు, మీ గొంతు వెంటనే బయటికి వస్తుంది. మహా అయితే స్క్రీన్ మీద లిరిక్స్ కాస్త ముందు కదులుతాయి. కానీ మీ గొంతు ఫోన్‌లోకి వెళ్లి, యాప్‌లో ఎకో వేసుకుని, బ్లూటూత్ మీదుగా స్పీకర్‌కి వస్తే పని చెడినట్టే. శబ్దం గాల్లో సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. 200 మిల్లీసెకన్లంటే మీ గొంతు 68 మీటర్ల దూరం నుంచి మీకు వినిపిస్తున్నట్టు. 'గురెంగె' 135 బీపీఎం, అంటే ఒక బీట్ 444 మిల్లీసెకన్లు. దాదాపు సగం బీట్ వెనక మీ గొంతే మీకు అడ్డు తగులుతుంది. మనిషి సహజంగా ఏం చేస్తాడంటే, తన గొంతు సరిగ్గా వినపడక ఇంకా గట్టిగా అరుస్తాడు.

సంగీత్‌లో మా సెటప్ అదే. తప్పు కంపెనీది కాదు, కేబుల్ పెట్టెలో ఉండగానే వైర్‌లెస్‌గా బాగుంటుందని కనెక్ట్ చేసింది నేను. హాస్టల్‌లో చెల్లి నెక్‌బ్యాండ్ పెట్టుకుని ప్రాక్టీస్ చేసింది, అది ఇంకో తప్పు. చెవులు మూసుకుంటే సొంత గొంతు అసలు బలం తెలియదు. ప్రాక్టీస్‌కి వైర్డ్ ఇయర్‌ఫోన్ ఒక చెవిలో పెట్టుకుని, ఇంకో చెవి ఖాళీగా వదిలేయండి. టైప్-సి పోర్ట్ మాత్రమే ఉంటే చిన్న డాంగిల్ చాలు. స్టేజీ మీద స్పీకర్ మీకు ముందు వైపు, జనం వైపు తిరిగి ఉండాలి. మైక్ స్పీకర్‌కి ఎదురుగా వెళ్తే కూత పెడుతుంది.

చెల్లి ఐదు రోజులు కాదు, ఎనిమిది రోజులు మాట్లాడలేదు. తర్వాత వారం నెమ్మదిగా 'ఉఎ ఒ ముఇతె' ఒక్కటే పాడించాం, తాతయ్య పెట్టిన శ్రుతిలో. పాట మార్చమని నేనన్నా. తను ఒప్పుకోలేదు, పేరు ఇచ్చిన పాటే పాడతానంది. సరే అని ఆఫ్ వోకల్ ట్రాక్‌ని మైనస్ 4 పెట్టి, టీవీ సైజ్‌కి కట్ చేసి, వైర్ మీద ఇచ్చా. గిటార్ కొంచెం మందంగా వినిపించింది, ఎవరూ పట్టించుకోలేదు. రోజుకి మూడు సార్లకి మించి పాడనివ్వలేదు.

యాన్యువల్ డే రోజు నేను ఖమ్మం వెళ్లా, వెనక వరసలో నిలబడ్డా. ఎ-మెలొలో ఒక లైన్ ముందు వచ్చేసింది, సున్నా మింగేసింది. సబి వచ్చింది. ఒరిజినల్ అంత ఎత్తులో లేదని నాకు తెలుసు, పక్కనున్న అబ్బాయిలకి తెలియదు, వాళ్లు లేచి కూడా పాడుతున్నారు. గొంతు చీలలేదు. దిగి వచ్చి మామూలుగా మాట్లాడింది, నీళ్లు అడిగింది.

వచ్చే ఏడాదికి 'ఐడల్' కావాలంటోంది. ట్యూనర్ యాప్ తెరిచి ముందు నోట్స్ పంపమన్నా.